గడి ముందు బరాత్

మా ముత్తాత దేశ్‌ముఖు. పాలకుర్తి వైపు చాలా ఊళ్ళ శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. ఆయన కొడుకు, అంటే మా తాత, ఆ చుట్టుపక్కల మొట్టమొదటి మోటారు కారు కొన్నాడు. పెట్రోలు డబ్బాలు జనగామ స్టేషనులో దిగితే ఎడ్లబండి మీద మా గడికి, కోటలాంటి మా ఇంటికి, తెచ్చేవాళ్ళు. వానాకాలం ఆ కారు బురదలో దిగబడితే అవే ఎడ్లు దాన్ని బయటికి లాగేవి. చాటున ఎవరైనా నవ్వుకున్నారేమో తెలియదు. మా తాత ఎదుట నవ్విన మనిషి మాత్రం లేడు.

గడికి టేకుతో చేసిన పెద్ద దర్వాజ ఉండేది, నిండా ఇత్తడి బొడిపెలు. బరాత్, అంటే పెళ్ళి ఊరేగింపు, ఎవరిదైనా సరే, ఆ దర్వాజ ముందుకు రాగానే డప్పు ఆగాలి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు బండి దిగి నడవాలి. గడి గోడ దాటాక మళ్ళీ ఎక్కాలి, డప్పు మళ్ళీ మొదలవ్వాలి. ఇది మా ముత్తాత పెట్టిన కట్టుబాటు, మా తాత నిలబెట్టాడు. మా నాయన కాలానికి భూములు పోయాయి, కోర్టు ఖర్చుల కింద కారు పోయింది. కట్టుబాటు మాత్రం అలవాటు కొద్దీ ఇంకొన్నాళ్ళు నడిచింది. చిన్నప్పుడు మేడ మీది కిటికీలోంచి నేను చూసిన ఊరేగింపులన్నీ మూగవే. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

నా వంతుకు వచ్చినవి ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు, తాళం వేసిన గడిలో వాటా. ఆటోమొబైల్ డిప్లొమా నేను చదివి తెచ్చుకున్నది. కారు ఎక్కి తిరిగిన ఇంటివాడు కారు కింద పడుకుంటున్నాడని మా బంధువులు అన్నారు. కింద పడుకున్నవాడికే కారు ఎలా ఉందో తెలుస్తుందని నేను అన్నాను. వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది కథగా చదువుకోవచ్చు.

ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను జనగామలోని ఒక విదేశీ కార్ల ఏజెన్సీలో సర్వీస్ మేనేజర్ని. మేం మానుకోట అనే మహబూబాబాద్, ఇంకా భూపాలపల్లి బండ్లు కూడా మావే. వారానికోసారి అటు, వారానికోసారి ఇటు వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. ఇంజిను గాలి జల్లెడ విప్పితే చాలు, బండి ఏ ఊరిదో మా పెద్ద మేస్త్రీ చెప్పేవాడు. పత్తి నూగు ఉంటే జనగామ. విప్పగానే తుమ్ము వస్తే మానుకోట మిర్చి. చేతులు నల్లబడితే భూపాలపల్లి బొగ్గు.

మా కంపెనీకి ఒక రేసు జట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు కప్పుల మీద కప్పులు గెలిచిన జట్టది. మేం చూసేనాటికి చివరి వరుసలో మొదలుపెట్టి చివరి వరుసలోనే ముగించేది, అదీ ముగించగలిగిన రోజున. మా సేటు, జనగామ వ్యాపారి కుటుంబం ఆయనది, కస్టమర్లు కూర్చునే హాల్లో పెద్ద టీవీ పెట్టించాడు. ఆదివారం సాయంత్రం ఆ టీవీ ముందు రేసు అభిమానులు చేరేవారు. వాళ్ళు చేసే రభస భరించడం నా ఉద్యోగంలో భాగమని ఎవరూ ముందు చెప్పలేదు.

వాళ్ళలో ఇద్దరు ముఖ్యులు. ఒకడు మానుకోటలో కార్లు కిరాయికి తిప్పే అతను. మా కంపెనీ కొత్త మోడల్ వచ్చీ రాగానే కొన్నాడు. కారణం ఒక్కటే, దాని ముఖం రేసు కారు ముఖంలా ఉంటుంది. మిగతా కంపెనీల బండ్లకు దీపాల మధ్య జాలీ ఉంటుంది, గాలి అక్కడినుంచి కూడా లోపలికి పోతుంది. మా బండికి పైన నున్నగా మూసేసి, గాలి పీల్చే నోరు ఒక్కటీ కింద బంపర్లో పెట్టారు. రెండోవాడు భూపాలపల్లి బొగ్గు గనిలో పెద్ద యంత్రం నడిపే ఉద్యోగి. మొదటివాడి అక్కను చేసుకున్నాడు. సొంతూరు మాదే. వారం సెలవుకు తల్లిని చూడడానికి వస్తూ, బావమరిదితో కొట్లాడడం కోసమే జనగామ దాకా వచ్చేవాడు. అతనిది ఎప్పుడూ గెలిచే జట్టు. వర్క్‌షాపులో అందరూ నన్ను సారూ అంటే అతను ఒక్కడే దొరా అనేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెక్కిరింత ఎంతో తేల్చుకోవడం నా పనిగా నేను పెట్టుకోలేదు.

"బామ్మర్దీ, మీ బండి ఇంక నడుస్తున్నదా, ఇంటికి పోయిందా?"

"నడుస్తున్నది. ఎనుకనే గని, నడుస్తున్నది."

"ఎనుక ఉంటె మంచిదే తియ్యి. ముంగట ఎవలెవలు పోతున్రో మంచిగ కనవడ్తరు."

"కొత్త ఇంజిను బావా. ఒక్క ఏడాది టైమియ్యి."

"నిరుడు కొత్త డ్రైవరన్నవ్. ముందటేడు కొత్త మేనేజరన్నవ్. పాతది ఏమన్న ఉన్నదా మీ తాన?"

"పాత కప్పులున్నయి," అన్నాడు బావమరిది.

హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక అసలు వాదన మొదలయ్యేది. రేసులో ఓడినవాడు చేసిన కారును రోడ్డు మీదికి ఎలా నమ్మి కొంటామని బావ. రేసు ఇంజిను వేరు, మన బండి ఇంజిను వేరు, రెండూ చేసే మనుషులే వేరని బావమరిది.

"వంట మేస్త్రి పెండ్లిల అన్నం మాడగొట్టిండు. ఇంట్ల మంచిగనే వండుతడు, రాండ్రి తినుండ్రి అంటె పోతవా నువ్వు?"

"వెయ్యిమందికి వండుడు వేరే బావా, నలుగురికి వండుడు వేరే."

"అయితె ఆ వెయ్యిమంది వంట ఎందుకు మీద ఏసుకున్నడు? ఎవలు బతిలాడిన్రు?"

నేను సాధారణంగా కలగజేసుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఎందుకో అన్నాను: "ఒక ఇంట్లో పహిల్వాను కుస్తీలో ఓడితే, అదే ఇంట్లోని గుమాస్తాకు లెక్కలు రావని అర్థమా?"

బావ నా వైపు తిరిగాడు. "గట్ల గాదు దొరా. పహిల్వాను పేరు చెప్పి గుమాస్తాను అమ్ముతున్రు గద మీ కంపెనోళ్ళు. మా తాతలు నేతులు తాగిన్రు, మా మూతులు వాసన సూడుండ్రి అన్నట్టు."

మా ఇల్లు తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు. బావమరిది తల దించుకున్నాడు. అన్నవాడికి కూడా మాట ఎక్కడ తగిలిందో తెలిసినట్టుంది, కానీ వెనక్కి తీసుకోలేదు.

"తాతలు తాగింది నెయ్యే," అన్నాను. "అందులో అబద్ధం లేదు." లేచి వర్క్‌షాపులోకి వెళ్ళిపోయాను.

ఇది జరిగిన కొన్నాళ్ళకు, ఎండలు ముదిరాక, ఒక ఆదివారం రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. టీవీలో మా కంపెనీ రేసు కారు వెనక నుంచి తెల్లగా పొగ లేచింది. డ్రైవరు దాన్ని గడ్డి మీద ఆపి, హెల్మెట్ తీయకుండానే నడిచి వెళ్ళిపోయాడు. అదే సాయంత్రం మానుకోటలో ఒక పెళ్ళి బరాత్‌లో, బావమరిది నడుపుతున్న మా కొత్త మోడల్ బండి నడి బజారులో మసిలి ఆగిపోయింది. బానెట్ కింద నుంచి ఆవిరి. పట్టుబట్టల్లో ఉన్న పెళ్ళికొడుకును, పెళ్ళికూతురును ఆటో ఎక్కించి ఊరేగించారు. ఎవరో ఆ రెండు వీడియోలను పక్కపక్కన అతికించి, కింద బ్యాండు పాట పెట్టి వదిలారు. మర్నాటికి మూడు జిల్లాల్లో ఆ వీడియో లేని ఫోను లేదు.

మా దగ్గర కొత్త బండి కొంటామని బుక్ చేసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వద్దన్నారు. బావమరిదిని పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. హైదరాబాద్ నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చి, కంప్యూటర్ తగిలించి, బండిలో దోషమేమీ లేదన్నాడు. "కొంచెం స్పీడుగా నడపమనండి సార్, గాలి తగులుతుంది," అని సలహా ఇచ్చాడు. బరాత్‌లో స్పీడుగా నడపమన్న మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

సేటు నన్ను పిలిచి కూర్చోమన్నాడు.

"సారూ, నాకు జట్టు లేదు, జెండ లేదు. నేను యాపారం చేసేటోన్ని. మూఢం పడేదాంక సూస్త. అప్పటికి బండ్లు కదలకపోతె ఏజెన్సి వాపసిచ్చేస్త. ఈ షెడ్డు టైల్స్ గోదాంకు అడుగుతున్రు."

"మా వాళ్ళ సంగతి?"

"టైల్స్‌కు మేస్త్రీలెందుకు సారూ."

కోపంగా చెప్పలేదాయన. అందుకే ఎక్కువ బాధ కలిగింది. నాకు పదవీ విరమణ దగ్గర్లోనే ఉంది, నా సంగతి పెద్దది కాదు. పెద్ద మేస్త్రీ దగ్గర్నుంచి బండ్లు కడిగేవాళ్ళ దాకా అందరూ ఆ షెడ్డు మీదే బతుకుతున్నారు. ఒక ఇల్లు పేరు పోగొట్టుకున్నాక అందులోని మనుషులు ఎటు పోతారో నేను ఒకసారి చూశాను. రెండోసారి చూడదలచుకోలేదు.

పెద్ద మేస్త్రీ, నేను ఆ బండిని పూర్తిగా విప్పాం. రేడియేటర్ శుభ్రంగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. నీళ్ళు ఎక్కడా కారడం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి నిలబెట్టాం, వేడి చూపే ముల్లు కదల్లేదు. చివరికి మేస్త్రీ కూడా చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "సారూ, కొన్ని కంపెనీలకు గట్ల రాసిపెట్టి ఉంటదేమో."

"నువ్వు కూడానా," అన్నాను.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. బరాత్‌లో బండి మసిలిందని అందరం అంటున్నాం. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక బరాత్‌ను దగ్గరగా చూడలేదు. మా గడి ముందుకు వచ్చేసరికి అవి మూగబోయేవి. పెద్దయ్యాక పెళ్ళిళ్ళకు వెళ్తే భోజనం వేళకు వెళ్ళి, అక్షింతలు వేసి వచ్చేసేవాణ్ణి. మేస్త్రీని అడిగాను. "మాది చర్చి పెండ్లి సారూ. చర్చి నుంచి సక్కగ ఇంటికే," అన్నాడు. బరాత్‌లో మసిలిన బండికి వైద్యం చేస్తున్న ఇద్దరికీ బరాత్ తెలియదు.

రెండు రోజుల తర్వాత మా వర్క్‌షాపు గేటు ముందు నుంచే ఒక బరాత్ పోతోంది. ఇంకో కంపెనీ బండి. నేను బయటికి వెళ్ళి దాని పక్కన నడవడం మొదలుపెట్టాను. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, తెల్లజుట్టు. డాన్సు చేస్తున్నవాళ్ళు తప్పుకుని దారి ఇస్తున్నారు. పెళ్ళివాళ్ళలో ఒకాయన దగ్గరికి వచ్చి మర్యాదగా అడిగాడు.

"సారు ఎవలి దిక్కు? పిల్ల దిక్కా, పిల్లగాని దిక్కా?"

"బండి దిక్కు," అన్నాను.

ఆయన ఏమనుకున్నాడో, ఒక చల్లటి నీళ్ళ సీసా ఇప్పించాడు.

బరాత్ నడక నడక కాదు. నాలుగడుగులు వేసి ఆగుతుంది. ఒక పాట అయ్యేదాకా ఆగుతుంది, ఎవరో ఈల వేస్తే అదే పాట మళ్ళీ పెడతారు. బండి ఇంజిను ఆపరు, లోపల పెళ్ళివాళ్ళకు ఏసీ కావాలి. బండి నిండా పూలు. ఎదురుగా వెళ్ళి నిలబడి చూశాను. వరుడి పేరు, వధువు పేరు రాసిన పెద్ద థర్మాకోల్ పలక. దాన్ని బంపర్‌కు అడ్డంగా, ఇటు చివర నుంచి అటు చివర దాకా టేపుతో అతికించారు. ఆ బండికి పైన జాలీ ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. మా బండికి నోరు ఉన్నది సరిగ్గా అక్కడే.

నడిరోడ్డు మీద నిలబడిపోయాను. వెనక నుంచి బ్యాండువాళ్ళు "సారూ, జరుగుండ్రి" అంటున్నారు.

మానుకోటలో బండి మసలగానే ఆ పలకను, పూలను పీకి పడేసి బానెట్ ఎత్తారు. మా దగ్గరికి బండి వచ్చేనాటికి ముఖం ఖాళీగా ఉంది. బావమరిదిని ఫోనులో అడిగితే, "పేర్ల బోర్డా? అది అందరు పెడ్తరు గద సారూ, గదేం చెప్తనని," అన్నాడు. మర్నాడు వర్క్‌షాపులో అట్టముక్క అడ్డం కట్టి ఏసీ వేశాం. మేము చూస్తుండగానే ముల్లు పైకి పాకింది. అట్ట తీసేశాం, దిగింది. మేస్త్రీ మళ్ళీ కట్టాడు, మళ్ళీ తీశాడు. నమ్మకం కుదిరినా సరదా తీరక ఇంకోసారి చేశాడు.

సేటుకు చెప్పాను. ఆయన అంతా విని, "మనకు తెలిస్తె ఏం లాభం సారూ. ఊరు సూడాలె," అన్నాడు.

ఆదివారం హాల్లో చెప్పాను. బావ ఒళ్ళు విరుచుకుని నవ్వాడు. "ఆడరాక మద్దెల ఓడన్నదట దొరా. రేసుల మసిలింది గూడ థర్మాకోల్ బోర్డు తోనేనా?"

"రేసు సంగతి నాకు తెలియదు. ఈ బండి సంగతి తెలుసు."

"తెలిస్తె నడిపిచ్చుండ్రి. మా తమ్ముని పెండ్లి ఉన్నది వచ్చే నెల. బరాత్ ఊర్లనే. మీ ఊర్లనే దొరా. ఊరి మొగదల నుంచి మా ఇంటి దాంక. గీ బండే పెడ్త. మసలకుంట ఇల్లు చేరిందా, మా బామ్మర్ది జట్టు టోపీ పెట్టుకోని డ్యూటీకి పోత, మొత్తం షిఫ్టు సూస్తరు. మసిలిందా..."

"మసిలితే?"

"మసిలితె ఏముంది. సేటు టైల్స్ అమ్ముకుంటడు."

బావమరిది నా ముఖం వైపు చూశాడు. ఆ బరాత్ ఏ దారిన పోవాలో మా ముగ్గురికీ తెలుసు. ఊరి మొగదల, అంటే ఊళ్ళోకి వచ్చే చోటు నుంచి వాళ్ళ ఇంటికి దారి ఒక్కటే. అది మా గడి ముందు నుంచి పోతుంది.

"పెట్టుకో," అన్నాను.

పెళ్ళి రోజున పొద్దు వాలక ముందే మేస్త్రీతో పాటు వెళ్ళాను. ఎండ ఇంకా భూమిలోనే ఉంది, చెప్పుల్లోంచి తెలుస్తోంది. సేటు కూడా వచ్చి, వేపచెట్టు నీడన తన బండిలోనే కూర్చున్నాడు. పూలు కట్టే అతను అలవాటుగా పేర్ల పలక తెచ్చి బంపర్ మీద పెట్టబోయాడు. నేను గొడుగు అడ్డం పెట్టాను.

"ఇక్కడ వద్దు."

"సారూ, పేర్లు కిందుంటెనే ఫోటోల పడ్తయి. ఇన్నేండ్ల సంది గిట్లనే కడ్తున్న."

"పైన కట్టు. టాపు మీద."

"టాపు మీద ఎవలు సూస్తరు సారూ, కాకులా?"

పెళ్ళికొడుకు తల్లి, ముసలావిడ, అక్కడే నిలబడి వింటోంది. "పేర్లు నెత్తి మీద పెట్టుకుంటె మంచిదే గదరా," అంది. "కాళ్ళ కాడ పెడ్తరా ఎవలన్న?" ఆ మాటతో అయిపోయింది. మేస్త్రీ రెండు ఇనుప పట్టీలు తెచ్చాడు, పలకను టాపు మీద నిలబెట్టి బిగించాం. దూరం నుంచి కూడా పేర్లు కనబడ్డాయి. పూలతను ఒప్పుకోలేదు గాని, తన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు.

ముందు డీజే బండి, దాని మీద జనరేటర్. వెనక డాన్సు చేసే కుర్రాళ్ళు, వాళ్ళ వెనక మా బండి. బావమరిది స్టీరింగ్ దగ్గర, వెనక సీట్లో పెళ్ళివాళ్ళు. మేస్త్రీ కిటికీ పక్కన నడుస్తూ ముల్లు చూస్తున్నాడు. నేను బానెట్ మీద చెయ్యి ఉంచి నడిచాను. బావ ఎదురుగా వెనక్కి నడుస్తూ, ఫోనుతో వీడియో తీస్తూ, ఆవిరి కోసం చూస్తున్నాడు. ఊరి మొగదల, కిరాణం దుకాణం, పాలకేంద్రం, అన్నీ దాటాం. ముల్లు సగం దగ్గర కూర్చుంది.

గడి ముందుకు వచ్చాక డీజే బండి ఆగింది.

అక్కడ ఆగుతుందని నాకు తెలియాల్సింది. మా ఊళ్ళో పిల్లలు గడి ముందే ఎక్కువసేపు ఆడతారట. ఎక్కడ డప్పు ఆగేదో అక్కడే పాట పెద్దది చేస్తారు. ఒక పాట అయింది. రెండోది పెట్టారు. మూడోది కుర్రాళ్ళు అడిగి పెట్టించుకున్నారు. గాలి లేదు. డీజే పెట్టెల వేడి, జనం వేడి, గడి గోడ పగలంతా తాగిన ఎండ, అన్నీ బండి మీదికే వస్తున్నాయి. బానెట్ మీద నా చెయ్యి కాలుతోంది.

మేస్త్రీ నా చెవి దగ్గరకు వచ్చాడు. "సారూ, ముల్లు సగం దాటింది. జర ముందుకు పొమ్మని చెప్పుండ్రి."

నేను చెప్పలేదు. ఒక్క మాట చాలు, వాళ్ళు కదిలేవారు. బండి గండం దాటేది. కానీ ఆ దర్వాజ ముందు మా ఇంటివాడు నిలబడి ఊరేగింపును ముందుకు పొమ్మంటే ఊరికి దాని అర్థం ఒక్కటే. ఆ మాట మా ముత్తాత అన్నాడు, మా తాత అన్నాడు. షెడ్డు పోతుందని నేను అనాలా? వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాను. బండి నిలవాలి, లేదా మసలాలి.

అప్పుడు డీజే పాట మధ్యలో తెగిపోయింది.

జనరేటర్ వేడెక్కి ఆగిపోయింది. దీపాలు ఆరాయి. కుర్రాళ్ళు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. గడి ముందు ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ నిశ్శబ్దం వచ్చింది. జనం డీజే వైపు చూడలేదు. ముందు దర్వాజ వైపు, తర్వాత నా వైపు చూశారు.

"దొర ఆపిచ్చిండా ఏంది?" అన్నాడు వెనక ఎవరో.

ముసలావిడ బండి దగ్గరికి వచ్చింది. కిటికీ మీద చెయ్యి వేసి లోపలున్న కొడుకుతో మెల్లగా అంది: "నా పెండ్లిల నేను, మీ నాయిన గీన్నే దిగినం. తలకాయలు వంచుకోని గా గోడ దాంక నడిచినం. నువ్వు దిగకు బిడ్డా. కూసో."

ఆ నిశ్శబ్దంలో ఒక్క చప్పుడే మిగిలింది. మా బండి ఇంజిను, దాని ముందు తిరుగుతున్న ఫ్యాన్. అది ఆగలేదు.

నేను స్టీరింగ్ వైపు కిటికీ దగ్గరికి వెళ్ళాను. "పాట పెట్టు," అన్నాను.

బావమరిది తెల్లబోయాడు. "సారూ, ఏసీ నడుస్తున్నది. ముల్లు పైకున్నది. ఇప్పుడు అద్దాలు దించితె ఇంజినుకు ఇంకింత బరువు..."

"అన్ని అద్దాలు దించు. ఎంత గట్టిగా పలుకుతుందో అంత గట్టిగా పెట్టు."

పెట్టాడు. మా బండి నుంచి పాట వచ్చింది. డీజే అంత పెద్దగా లేదు గాని గడి ముందు నిలబడ్డవాళ్ళందరికీ వినబడింది. మొదట ముసలావిడ కొంగు బిగించింది. ఆమె ఒక్క అడుగు వేయగానే కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ తర్వాత ఎవరు ఆడారో, ఎవరు ఆడలేదో నేను చెప్పలేను. మేస్త్రీ ఆడాడు. సేటు బండి దిగి వచ్చి చప్పట్లు కొట్టాడు. బావ వీడియో తీయడం మర్చిపోయి ఫోను కిందికి దించాడు. నేను తిరిగి నా చోటికి వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టాను. అది కాలుతూనే ఉంది, అంతకంటే ఎక్కువ కాలలేదు. మేస్త్రీ ఆట మధ్యలో వచ్చి కిటికీలోకి తొంగిచూసి, నాకు బొటనవేలు చూపించి మళ్ళీ వెళ్ళిపోయాడు.

జనరేటర్ మీద బిందెలతో నీళ్ళు పోసి బాగు చేసుకునేదాకా ఆ ఊళ్ళో బరాత్‌ను నడిపింది మా బండే. చివరికి డీజే లేచింది, ఊరేగింపు కదిలింది, ఇల్లు చేరింది. ఇంటి ముందు ఇంజిను ఆపకుండానే బానెట్ ఎత్తించాను. ఊరంతా చుట్టూ మూగింది. బావ తల లోపలికి పెట్టి అటూ ఇటూ చూశాడు, రేడియేటర్ కింద వేలు పెట్టి చూసుకున్నాడు. వేలు పొడిగా ఉంది.

"ఏమన్న దొరికిందా బావా?" అన్నాడు బావమరిది.

"దొరుకలే."

"మంచిగ సూడు. ముంగటి నుంచి సూస్తె మంచిగ కనవడ్తది."

జేబులోంచి జట్టు టోపీ తీసి అక్కడికక్కడే బావ నెత్తిన పెట్టాడు.

భోజనాల దగ్గర నన్ను వరుసలో మొదట కూర్చోమన్నారు. మధ్యలో కూర్చున్నాను. బావ ఆ టోపీతోనే వడ్డించడానికి వచ్చాడు. నా విస్తరిలో అన్నం మధ్య గుంట చేసి, నెయ్యి ఒంపాడు, చాలనేదాకా ఒంపాడు.

"తిను దొరా," అన్నాడు. "గిది తాతలది గాదు."

నేను తిన్నాను. అంత మంచి నెయ్యి మా గడిలో కూడా తిన్నట్టు గుర్తు లేదు.

గడి ముందు మా బండి పాట వీడియో అంతకు ముందు వీడియో కంటే దూరం వెళ్ళింది. వద్దన్నవాళ్ళు తిరిగి వచ్చారు, కొత్తవాళ్ళను తెచ్చారు. సేటు టైల్స్ వాళ్ళకు ఇంకో షెడ్డు చూపించాడు. టాపు మీద పేర్ల పలక నిలబెట్టే ఇనుప పట్టీని మా మేస్త్రీ జనగామ నుంచి భూపాలపల్లి దాకా పూలు కట్టేవాళ్ళందరికీ చేసిచ్చాడు. కాకులు చూస్తాయన్న పూలతను అందరికంటే ముందు తీసుకున్నాడు. పెళ్ళిళ్ళ కాలం రాగానే మా కంపెనీ బండ్లు వరుస కట్టి వర్క్‌షాపుకు వచ్చేవి, బరాత్‌కు ముందు చూపించుకోవడానికి. హైదరాబాద్ ఇంజనీరుకు ఆ పట్టీ ఫోటో పంపాం. బాగుందని జవాబు రాశాడు.

రేసు జట్టు ఆ ఏడు కూడా చివరనే ఉంది. ఈ ఏడు కూడా అక్కడే ఉంది. నేను పదవీ విరమణ చేశాక కూడా ఆదివారం హాల్లో వాదన నడుస్తోందని మేస్త్రీ చెబుతాడు. కొత్త ఇంజినట, ఇంకొక్క ఏడాది టైమియ్యాలట.

మా తాత కారును మా నాయన పాత ఇనుము వ్యాపారికి అమ్మాడు. గడి పెద్ద దర్వాజను, ఇత్తడి బొడిపెలతో సహా, ఆ బరాత్ తర్వాతి ఎండాకాలం, మిగతా వాటాదారులను ఒప్పించి, నేను అమ్మాను.